మరల వ్రాయుట, మారి వ్రాయుట

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేయు ప్రసంగము సాధారణముగా గెలిచినవారిని గూర్చియే యుండును. వారి పేర్లు చదువుదుము, బహుమానములు ఇత్తుము, చప్పట్లు కొట్టుదుము. అది ఉచితమే. కాని ఈ సభలో వెనుక వరుసలలో కూర్చున్న కొందరి బిడ్డలకు ఈ బల్లమీద ఏ బహుమానమును లేదు. వారును కష్టపడి చదివినవారే. వైద్య, దంతవైద్య కళాశాలలలో ప్రవేశము కోరి, పరీక్ష వ్రాసి, సీటు రాక ఇల్లు చేరినవారు. నేడు వారిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

గత సంవత్సరము ఒక సాయంకాలము గుడియాత్తమునందు మగ్గము నేయు ఒక తండ్రి మా గదికి వచ్చెను. కూర్చుండుడని ఎన్ని మారులనినను కూర్చుండలేదు. ఆయన కుమార్తె పదవ తరగతి వరకు మా పాఠశాలలో తెలుగున చదివి, పిదప వేరొక చోట ఇంగ్లీషు మాధ్యమమున ప్లస్ టూ ముగించి, దంతవైద్యమున చేరవలెనని నీట్ పరీక్ష వ్రాసినది. అర్హత వచ్చినది, సీటు రాలేదు.

"అయ్యవారూ, పాప మల్లా రాస్తానంటా ఉంది. ఇంకొక ఏడాది ఇంట్లో పెట్టుకొని చదివించేదా, యాదన్నా డిగ్రీలో చేర్చేదా, లేకుంటే సంబంధాలు చూసేదా? మీరు ఏం చెప్తే అది చేస్తాము" అని ఆయన అడిగెను.

ఆ బాలిక దంతవైద్యమునే కోరుటకు కారణమును మేమెరుగుదుము. ఆమె అవ్వకు వక్కాకుతో పొగాకు నమలు అలవాటుండెను. నోటిలో లేచిన తెల్లని మచ్చను ఇంటివారు వేడిచేసినదని తలచి చాలకాలము ఊరకుండిరి. చూపించుకొనునప్పటికే ఆలస్యమైనది. పంటి వైద్యుడు ఒక్కసారి నోరు తెరిపించి చూచియుండినచో ముందే పసిగట్టియుండెడివాడని ఆ పిల్ల మనసున నాటుకొన్నది. దంతవైద్యము రాని మార్కులవారికి మిగులు రెండవ మెట్టని తలచువారు మనలో పలువురు కలరు. ఆ పిల్లకు అది మొదటి మెట్టే.

తండ్రి ప్రశ్నకు "బాగుగా చదివింపుడు" అను సమాధానము మా నాలుక చివర సిద్ధముగా నుండెను. కాని చెప్పలేకపోతిమి. ఏలన, అంతకు మూడేండ్లకు ముందు ఒక బాలునికి మేము ఆ మాటయే చెప్పి పంపితిమి. ఆతడు మరియొక సంవత్సరము అవే పుస్తకములను, అదే పద్ధతిని, అంతకంటె ఎక్కువ గంటలు చదివెను. రెండవసారియు మార్కులు ఇంచుమించుగా మొదట వచ్చినన్నియే వచ్చెను. ఆతడు మొదటిసారి ఎచ్చట తప్పెనో మేము అడుగలేదు, ఆతడు చెప్పలేదు. ఆ తప్పు ఆ బాలునిది కాదు, మాది. మరల వ్రాయుట వేరు, మారి వ్రాయుట వేరు అని ఆనాడు మాకు బోధపడినది. నేటి మా ప్రసంగమంతయు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానము.

ముందుగా ఒక ధైర్యవచనము. తలుపు తట్టి తిరిగిపోవుట మన ఊరికి క్రొత్త కాదు. రాయవేలూరులో ఐడా స్కడర్ అను వైద్యురాలు 1900 సంవత్సరమున ఒకే మంచముతో వైద్యము ప్రారంభించి, 1918లో స్త్రీలకై వైద్య పాఠశాలను స్థాపించెను. ఆ మొదటి యేటనే 151 మంది దరఖాస్తు చేసికొనిరి. వారిలో అధిక సంఖ్యాకులకు చోటు దొరకలేదు. దంతవైద్యము మన దేశమున అంతకంటె చిన్నది. రఫీయుద్దీన్ అహమ్మద్ అను వైద్యుడు 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను నెలకొల్పెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను. మదరాసులో 1953లో వైద్య కళాశాలకు అనుబంధముగా దంత విభాగము మొదలై, తరువాత ప్రత్యేక కళాశాల అయ్యెను. నేడు కళాశాలలు పెరిగినవి, కోరువారు అంతకంటె పెరిగిరి. నాలుగేండ్ల చదువు, పిదప ఒక యేడు శిక్షణ కలిగిన ఈ బి.డి.ఎస్. పట్టమునకు ప్రవేశద్వారము ఒక్కటే, నీట్ పరీక్ష.

మన రాష్ట్రమున 2007 నుండి దాదాపు పదేండ్లు ప్లస్ టూ మార్కులను బట్టియే ఈ సీట్లు ఇచ్చుచుండిరి. 2017 నుండి నీట్ అమలులోనికి వచ్చెను. మినహాయింపు కోరుచు 2021లో శాసనసభ బిల్లును ఆమోదించెను. దానికి రాష్ట్రపతి సమ్మతి లభింపలేదని 2025 ఏప్రిల్ మాసమున ముఖ్యమంత్రి శాసనసభకు తెలిపెను. ఈ పరీక్ష మంచిదా చెడ్డదా యను వాదము పెద్దలు చేయుదురు గాక. ఇంటిలో పుస్తకము ముందు కూర్చున్న బిడ్డ ఆ వాదము తేలువరకు ఆగజాలదు.

అమెరికాలో ఈ ప్రవేశము వేరొక రీతిగా జరుగును. అచ్చట సాధారణముగా డిగ్రీ చదువు సాగించిన పిమ్మట దంతవైద్యమునకు దరఖాస్తు చేయుదురు. డాట్ అను పరీక్ష మార్కులతోబాటు కళాశాల చదువు, ఉపాధ్యాయుల లేఖలు, దంతవైద్యుల చెంత గడపిన గంటలు, ముఖాముఖి సంభాషణ మొదలగునవి చూతురు. సీటు రానివాడు తనలో ఏది కొరవడినదని అడిగినచో కొన్ని కళాశాలలు చెప్పుటయు కలదు. మన దేశమున ఎవరును చెప్పరు. ఒక సంఖ్య వచ్చును, ఒక వరుస వచ్చును, అంతే. కావున కొరవడినదేదో మనమే కనుగొనవలెను. దానికి సాధనములు లేకపోలేదు.

మొదటి సాధనము ప్రశ్నపత్రము. పరీక్ష ముగిసిన పిదప దానిని ఇంటికి తెచ్చుకొనవచ్చును. రెండవది, విద్యార్థి గుర్తులు పెట్టిన ఓ.ఎం.ఆర్. పత్రపు ప్రతిబింబము. పరీక్ష జరుపు సంస్థ దీనిని, తాత్కాలిక జవాబుల పట్టికను కొద్ది దినములు మాత్రమే అంతర్జాలమున ఉంచును. ఆ దినములలోనే దించుకొని భద్రపరుపవలెను. చాలమంది మార్కుల సంఖ్య చూచి, ఏడ్చి, ఈ కాగితములను అటక మీదికి విసరివేయుదురు. మీ బిడ్డకు వైద్యుడు వ్రాసి ఇచ్చిన రోగపరీక్ష ఫలితమును ఎవరైన అటక మీద పారవేయుదురా?

ఈ పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. భౌతికశాస్త్రము 45, రసాయనశాస్త్రము 45, జీవశాస్త్రము 90 ప్రశ్నలు. సరియైన జవాబుకు 4 మార్కులు కలుపుదురు, తప్పునకు 1 మార్కు తీసివేయుదురు. 2025 నుండి కాలము 180 నిమిషములు, అనగా ప్రశ్నకు ఒక నిమిషము. తప్పిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా తీసి నాలుగు గడులలో వేయుడు. అసలు చదువని పాఠము మొదటి గడి. చదివియు మరచినది రెండవ గడి. విషయము తెలిసియు ప్రశ్నను తప్పుగా అర్థము చేసికొన్నది, లేక లెక్కలో జారినది మూడవ గడి. కాలము చాలక విడిచినదియు, తోచినట్లు గుర్తు పెట్టినదియు నాలుగవ గడి.

ఒక విద్యార్థి 150 ప్రశ్నలకు జవాబు వ్రాసి, అందులో 88 సరియై, 62 తప్పినవనుకొందము. 352 మార్కులలో 62 పోగా 290 మిగులును. ఆ 62 లో 20 మూడవ గడిలో పడినవనుకొనుడు. ఒక తప్పు ఒప్పైనచో 4 వచ్చును, పోవలసిన 1 పోదు. అనగా ప్రశ్న యొక్కటికి 5 మార్కుల తేడా. ఆ 20 ప్రశ్నలకు 100 మార్కులు. క్రొత్త పాఠము ఒక్కటియు చదువకయే, తెలిసినదానిని తెలిసినట్లు వ్రాయుటచేత 290 కాస్త 390 అగును. ఈ లెక్క వేయనివాడు ఏమి చేయును? మొదటి పుట నుండి అన్నియు మరల చదువును. తనకు వచ్చిన పాఠములనే మరల చదివి సంతోషించును.

మగ్గపు కార్మికుని కుమార్తెను మేము ఆ కాగితములతో రమ్మంటిమి. మా సైన్సు ఉపాధ్యాయులు ఇద్దరు రెండు ఆదివారములు ఆమెతో కూర్చుండిరి. ఆమె పట్టికలో అన్నిటికంటె నిండినది మూడవ గడి. అది చూచి మేము సిగ్గుపడితిమి. ఏలనో వినుడు.

పదవ తరగతి వరకు ఆమెకు శాస్త్రము తెలుగున వచ్చినది. కిరణజన్య సంయోగక్రియ యనిన చక్కగా బొమ్మ గీసి చెప్పగలదు. ప్లస్ టూలో అదియే ఫోటోసింథసిస్ అయినది. భౌతికశాస్త్రమున మన పుస్తకములు స్పీడును వడి యనియు, వెలాసిటీని వేగము అనియు చెప్పును. వాడుకలో మనకు రెండును వేగమే. ఆ వాడుక ఇంగ్లీషు ప్రశ్నలోనికి కూడ వెంట వచ్చి, దిశ గల రాశికిని దిశ లేని రాశికిని భేదము చెరిపివేసినది. మోలార్ అను మాట ఒక పుస్తకమున ద్రావణపు గాఢత, వేరొక పుస్తకమున నమలు దంతము. మేము నేర్పిన చర్వణకము అను మాటయే ఆ మోలార్ అని ఆమెకు ఎవరును చెప్పలేదు. దంతవైద్యురాలు కాగోరిన పిల్ల దంతము పేరు దగ్గర తడబడినది. మరి కొన్ని ప్రశ్నలలో 'సరికాని వాక్యమేది' అని అడుగగా సరియైనదానిని గుర్తించినది. అచ్చటను తొందరలో చదివిన ఇంగ్లీషు వాక్యమే కారణము.

ఇది చూచి, తెలుగున చదివించుటయే తప్పని తలపకుడు. విషయము ఆమెకు తెలుగున స్థిరముగా తెలిసియుండుటచేతనే రెండు ఆదివారములలో తప్పు దొరికినది. తెలియనిదానిని సరిదిద్దుట కష్టము, తెలిసిన విషయమునకు రెండవ పేరు నేర్పుట సులభము. లోపము వంతెన లేకపోవుట. ఆ వంతెనను కట్టవలసినవారము మేము. ఆ బాలిక ఒక నోటుపుస్తకమున ఎడమ ప్రక్క తెలుగు మాటయు, కుడి ప్రక్క ఇంగ్లీషు మాటయు వ్రాయ మొదలిడినది. ఆ పుస్తకపు ప్రతి ఇప్పుడు మా గ్రంథాలయమున నున్నది. ఎనిమిదవ తరగతి నుండియే పిల్లలకు చూపుచున్నాము.

ఇందులకు చేరిన ఒక విషయము. నీట్ ప్రశ్నపత్రమును తెలుగున కూడ ఇచ్చుదురని విని పలువురు మమ్ము అడుగుచున్నారు. నిజమే. ఇంగ్లీషుతో కలిపి 13 భాషలలో ఆ పరీక్ష జరుగుచున్నది. ప్రాంతీయ భాష కోరినవారికి ఆ భాషయు ఇంగ్లీషును కలిసిన పత్రము ఇత్తురు. రెండింటికి భేదమున్నచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము. అయితే ఇటీవలి ప్రకటన పత్రములను బట్టి తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల కేంద్రములలోనే లభించును. వేలూరు కేంద్రమున వ్రాయువారు ఇంగ్లీషునకో తమిళమునకో సిద్ధపడవలెను. పరీక్షా కేంద్రమును కోరుకొను నియమములు ఏటేట మారుచుండును గనుక, ఆ సంవత్సరపు ప్రకటన పత్రమును పూర్తిగా చదివి గాని భాషను గుర్తింపకుడు. పాఠ్యప్రణాళికయు అట్లే. 2024 పరీక్షకై దానిని సవరించి కొన్ని పాఠములు తొలగించిరి. అన్నగారి పాత నోట్సు పట్టుకొని తమ్ముడు చదువుటకు ముందు రెండు పట్టికలను పోల్చి చూడవలెను.

ఇక రెండవ భాగము కాగితములు. మార్కులుండియు కాగితము లేక వెనుకబడినవారిని చూచుచున్నాము గనుక దీనిని గట్టిగా చెప్పుచున్నాము.

మనది సరిహద్దు ప్రాంతము. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వము ఆవలివారిలో పలువురును ఈవలివారమును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లావారము. 1953లో ఆంధ్ర రాష్ట్రము వేరుపడినది. బంధుత్వములు మాత్రము వేరుపడలేదు. మేనమామ చిత్తూరున నున్నాడనియో, తెలుగు ఉన్నదనియో పిల్లలను అచ్చట ఇంటర్మీడియెట్ చదివించుట మనలో వాడుక. చదివింపుడు, తప్పులేదు. కాని ఫలితమెరిగి చదివింపుడు. తమిళనాడులో ఆరవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు చదివినవారికి రాష్ట్ర సీట్ల విషయమున చిక్కు తక్కువ. నడుమ ఒకటి రెండేండ్లు బయట చదివినవారు ఇచ్చటివారమని రుజువు చేయుటకు నేటివిటీ సర్టిఫికేటు, తలిదండ్రుల పత్రములు మున్నగునవి చూపవలసి యుండును. తెలుగువారమైనంత మాత్రమున ఆంధ్రప్రదేశమున స్థానికులము కాము. అచ్చట స్థానికతను చదివిన, నివసించిన సంవత్సరములను బట్టి నిర్ణయింతురు, మాతృభాషను బట్టి కాదు. రెండు రాష్ట్రములలోను స్థానికులమని చెప్పుకొనుట అన్నిటికంటె ప్రమాదకరము. ఉన్న సీటు కూడ పోవును.

కులధ్రువపత్రమును అట్టిదే. ఒక రాష్ట్రమున వెనుకబడిన తరగతియను గుర్తింపు వేరొక రాష్ట్రమున చెల్లదు. రాష్ట్ర సీట్లకు పనికివచ్చు పత్రము అఖిల భారత కోటాకు చాలదు. ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతము ఆ కోటాకు చెందును. అందు ఓ.బి.సి. వర్గమున కోరువారు కేంద్ర ప్రభుత్వ నమూనాలో, సంపన్న శ్రేణికి చెందరని తెలుపు పత్రమును తీసికొనవలెను. ఇవి తహసీల్దారు కార్యాలయమున ఒక పూటలో వచ్చునవి కావు. ఫలితములు వచ్చిన పిదప పరుగెత్తుటకంటె పరీక్షకు ముందే తెచ్చియుంచుట మేలు.

మరియొకటి, పేరు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందుండును. ఇచ్చటి వాడుకలో తండ్రి పేరు తొలి అక్షరము ముందుండును. ఆధారు కార్డులో ఒక విధముగను, మార్కుల పట్టికలో వేరొక విధముగను పేరుండుట మనలో సర్వసాధారణము. ఒకప్పుడు మా కార్యాలయమువారే ఒక బాలిక బదిలీ పత్రమున ఒక అక్షరము మార్చి వ్రాసిరి. దానిని సరిదిద్దుటకు ఆ తండ్రి నాలుగు దినముల కూలి పోగొట్టుకొనెను. ఆ దోషము మాదని ఈ సభాముఖమున ఒప్పుకొనుచున్నాము. ఇకమీదట తొమ్మిదవ తరగతిలోనే ప్రతి విద్యార్థి పేరును, పుట్టిన తేదీని, మాతృభాషను తలిదండ్రులకు చూపి సంతకము తీసికొందుము. మాతృభాష గడిని తేలికగా చూడకుడు. తెలుగు అల్పసంఖ్యాక సంస్థలుగా గుర్తింపు పొందిన స్వయంపోషక కళాశాలలలో ఆ భాషవారికని విడిగా సీట్లుండుట కలదు. వాటిని కోరువారికి రుజువు కావలెను.

ఒక అపోహను కూడ తొలగింతుము. 2020లో చేసిన చట్టము ప్రకారము మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలో ఆరు నుండి పన్నెండు వరకు చదివినవారికి వైద్య, దంతవైద్య సీట్లలో 7.5 శాతము ప్రత్యేకించిరి. అది గొప్ప మేలు. అయితే మనవంటి సహాయ పాఠశాలలు ఆ లెక్కలో చేరవు. ఈ మాట చెప్పుట మా పాఠశాలకు లాభకరము కాదు. కాని మీ బిడ్డను ఎచ్చట చేర్చవలెనో మీరు నిర్ణయించునపుడు ఈ సంగతి మీకు తెలిసియుండుట న్యాయము. మా పిల్లల సంఖ్య తగ్గునేమోయని దాచిపెట్టుట అన్యాయము.

మూడవది, సీట్ల పంపిణీ. అర్హత పొందుట వేరు, సీటు పొందుట వేరు. అర్హత వచ్చినదని మిఠాయి పంచి, దరఖాస్తు పెట్టుట మరచినవారిని మేమెరుగుదుము. మొదటి వరుసలో పేరు రాలేదని పెట్టె సర్దుకొని ఇల్లు చేరినవారును కలరు. కౌన్సెలింగు పలు వరుసలుగా జరుగును. పైవారు వైద్య సీట్లకు మారినకొలది దంతవైద్య సీట్లు క్రిందికి దిగివచ్చును. 2020-21 సంవత్సరమున బి.డి.ఎస్. సీట్లు అనేకము ఖాళీగా మిగులగా, సుప్రీం కోర్టు ఆదేశము మేరకు అర్హతను 10 పర్సెంటైల్ తగ్గించి మరల చేర్చుకొనిరి. కావున చివరి వరుస ముగియువరకు చేయి వదలకుడు. ఏ వరుసలో చేరి మానినచో ఏమి నష్టమో నియమములు చదువుడు.

అయితే ఖాళీలు ఏల మిగులుచున్నవో కూడ ఆలోచింపుడు. రుసుము భరింపలేకయే పలువురు విడుచుచున్నారు. స్వయంపోషక కళాశాలలోను ప్రభుత్వ కోటా సీటునకు ఒక రుసుము, యాజమాన్య కోటా సీటునకు వేరొక రుసుము. ఐదేండ్లకును కలిపి, వసతికిని పుస్తకములకును పరికరములకును కలిపి లెక్క వేసికొని గాని చేర్పింపకుడు. సీటు ఇప్పింతునని ఇంటికి వచ్చు మధ్యవర్తికి పైకము ఇయ్యకుడు. మగ్గమును, ఇంటిని తాకట్టు పెట్టి చేర్చిన బిడ్డ ఆ బరువును తరగతిలోనికి మోసికొని పోవును.

ఇక ఆ ఒక్క సంవత్సరమును ఎట్లు గడపవలెను? ఒక యేటి నీట్ మార్కులు ఆ యేటి ప్రవేశమునకే చెల్లును. ఎన్ని మారులైనను వ్రాయవచ్చును, ఎక్కువ వయస్సు అడ్డు లేదు. అట్లని కాలమును గట్టు లేని చెరువు చేయరాదు. మా సలహా నాలుగు మాటలు. వారమునకు ఒక నాడు గడియారము పెట్టి పూర్తి పరీక్ష వ్రాయించుడు. మరునాడు క్రొత్త పాఠము చదువక, తప్పులను నాలుగు గడులలో వేయించుడు. మూడు మాసములకు ఒకసారి ఆ పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. గడులు తగ్గుచున్నచో దారి సరియైనది. తగ్గనిచో గంటలు పెంపక, పద్ధతి మార్పుడు. నాలుగవ మాట, మొదటి దినముననే రెండవ త్రోవ ఒకటి నిర్ణయించి ఉంచుడు. అది బి.యస్సీ. కావచ్చును, నర్సింగు కావచ్చును, ఫార్మసీ కావచ్చును. రెండవ త్రోవ ఉన్న బిడ్డ పరీక్ష గదిలో భయము లేక కూర్చుండును.

శిక్షణాలయమున చేర్చవలెనా యని అడుగుదురు. చేర్చుటకు ముందు మీ బిడ్డ పట్టికను చూడుడు. మొదటి గడి నిండియున్నచో బోధించువారు కావలెను. రెండవ, మూడవ గడులు నిండియున్నచో అభ్యాసమును, దిద్దువారును కావలెను. ఏది కావలెనో తెలియక చెల్లించిన రుసుము, రోగమేదో తెలియక కొన్న మందువంటిది.

తలిదండ్రులారా! చివరి మాట చెప్పుట మాకు కష్టముగా నున్నది. 2017 నుండి మన రాష్ట్రమున ఈ పరీక్ష దిగులుతో ప్రాణములు తీసికొన్న బిడ్డల వార్తలను పత్రికలలో చదువుచున్నాము. ప్రతి వార్త చదివినపుడును, ఆ ఇంటిలో క్రిందటి రాత్రి ఏ మాట జరిగెనో యని మేము తలపోయుదుము. ఒక సీటునకు మీ బిడ్డ వెల కట్టబడలేదు. "ఇంత ఖర్చు పెట్టితిమి" అను మాటను నోట రానీయకుడు. ప్రక్కింటి పిల్లతో పోల్పకుడు. బిడ్డ తిండి మాని, నిద్ర మాని, మాటలు తగ్గించినచో దానిని చదువు శ్రద్ధయని పొరబడకుడు. రాష్ట్ర ఆరోగ్య సహాయ సంఖ్య 104, మానసిక సహాయమునకై టెలీ మానస్ సంఖ్య 14416. ఈ రెండును వ్రాసికొనుడు. ఆడపిల్ల విషయమున మరియొక మాట. రెండవసారి వ్రాయుటకు మగపిల్లవానికి అడుగకయే ఇచ్చు సంవత్సరమును ఆడపిల్ల బ్రతిమాలి తీసికొనవలసి వచ్చుచున్నది. పెండ్లికి తొందర లేదు. చదువు విడిచిన యేడు తిరిగి రాదు.

ఆ మగ్గపు తండ్రికి మేము తుదకు ఇచ్చిన సమాధానము ఇది: "ఒక్క సంవత్సరము ఇయ్యుడు. కాని అదే సంవత్సరమును రెండవసారి ఇయ్యకుడు, వేరు సంవత్సరమును ఇయ్యుడు." ఆయన కొంతసేపు ఆలోచించి, "నేత తప్పినప్పుడు మేమూ అంతే గదా అయ్యవారూ. ఎక్కడ పోగు తెగిందో చూడకుండా మల్లా నేస్తే, మల్లా అక్కడే తెగుతుంది" అనెను. మేము ఇంతసేపు చెప్పినదానిని ఆయన ఒక్క మాటలో చెప్పెను. అప్పుడు గాని ఆయన కుర్చీలో కూర్చుండలేదు.

ఆ బాలిక ఇప్పుడు చదువుచున్నది. ఆమె మూడవ గడి నెలనెలకు తగ్గుచున్నది. సీటు వచ్చునో రాదో మేము చెప్పజాలము, చెప్పుట మా పని కాదు. మా పని పోగు తెగిన చోటు చూపుట. ఇకమీదట ప్రతి సంవత్సరమును ఫలితములు వచ్చిన పిమ్మట మొదటి రెండు ఆదివారములు మా పాఠశాల తలుపులు తెరచియుండును. సీటు రాని బిడ్డలు, వారు మా వద్ద చదివి ఎన్నాళ్లయినను సరే, ప్రశ్నపత్రమును, ఓ.ఎం.ఆర్. ప్రతిని, సర్టిఫికేట్లను చేతబట్టుకొని రావచ్చును. రుసుము లేదు. తలవంచుకొని రావలసిన పని అంతకంటె లేదు.